కుడికాలితో తన్నిన కాకి

ఎవరైనా చనిపోతే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకున్న రోజులవి.

తొందరపడి నన్ను రాక్షసిని చేసేయకండి. 1968లో నేను వాల్తేరు యూనివర్సిటీ తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్నాను. నేను ఎంచుకున్న విషయం, చనిపోయినవాళ్ళ మీద పడి ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే ఏడుపులు. "కాగితం మీద రాసుకొచ్చిన ఏడుపు నాకొద్దమ్మా, గొంతు కావాలి," అని మా గురువు గణపతిరావుగారు శాఖకున్న ఒకే ఒక్క టేపు రికార్డరు నా భుజానికి తగిలించారు. నెలాఖరులోగా ఒక్క ఏడుపైనా పట్టుకు రావాలి. లేకపోతే మెషిను ఇంకొకరికి పోతుంది, నేను లైబ్రరీలో కూర్చుని ప్రబంధాల్లో నాయికల నడుముల మీద థీసిస్ రాసుకోవాలి. ఆ నడుములంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట.

పైగా మాది బాప్టిస్టు ఇల్లు. మా నాన్న కృపానిధిగారు మిషను బడి హెడ్మాస్టరు. మావాళ్ళలో ఎవరైనా పోతే కీర్తన పాడతాం. గొంతు కాస్త పెరిగిందంటే పాస్టరుగారు దగ్గుతారు. ఏడుపు అంటే ఏమిటో తెలియని పిల్ల ఏడుపుల మీద పరిశోధనా అని శాఖలో నవ్వినవాళ్ళున్నారు. అందుకే నాకు పంతం పట్టుకుంది.

శ్రీకాకుళంలో మా పిన్ని ఇంట్లో దిగి, రోజూ బస్సెక్కి శ్రీకూర్మం పక్కనున్న పల్లెకి వెళ్ళేదాన్ని. ఎందుకంటే అసిరమ్మ అక్కడుంది. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు పోయినా అసిరమ్మ వచ్చి ఏడవాల్సిందే. తాగి కాలవలో పడి పోయినవాణ్ణి కూడా కర్ణుడంతటివాణ్ణి చేసి పంపుతుందని చెప్పుకునేవారు. నేను వెళ్ళి మెషిను చూపించి, ఒక్కసారి ఏడవమని అడిగాను.

"శవం నేకుండా ఏడుపేటి పంతులమ్మా? పెళ్ళికొడుకు నేకుండా తాళి కడతారేటి?" అంది అసిరమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. "ఏడుపు నోట్లో ఉండదు. ఎదర మనిసి పడుండాల. అప్పుడొస్తాది."

సరే, ఆ పడుండే మనిషి కోసం కాచుక్కూర్చున్నాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, ఊళ్ళో ముసలివాళ్ళ ఆరోగ్యం రోజూ వాకబు చేసేదాన్ని. దగ్గు ఎలా ఉంది తాతా, ఆయాసం తగ్గిందా అమ్మమ్మా అని. మొదట్లో ఎంత మంచి పిల్లో అని మురిసిపోయారు. నా పని ఏమిటో తెలిశాక నన్ను చూడగానే ముసలివాళ్ళని లోపలికి లాక్కుపోయి తలుపులేసుకోవడం మొదలుపెట్టారు. మూడు వారాలు గడిచినా ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఒక్కరూ పోలేదు. మంచాన పడ్డ దాలయ్య తాతయితే నా మీద కోపంతో లేచి నడవడం మొదలెట్టాడు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా అసిరమ్మ మొగుడు కూర్మయ్య నన్ను గడ్డివాము చాటుకి పిలిచాడు. అరవై దాటిన మనిషి. పొలం పనుల్లో ఊళ్ళో పేరున్నవాడు.

"పంతులమ్మా, నీకో శవం కావాల, అంతే కదా?" అన్నాడు. "నానున్నాను."

మెషిను భుజం మీంచి దించి కింద పెట్టాను.

"నలబయ్యేళ్ళ కాపరం. దాని నోటంట ఒక్క మంచి మాట ఇన్నేదు నాను. సచ్చినోళ్ళందర్నీ రావుడంటాది, దరమరాజంటాది. నన్నేటంటాదో ఇనాలని ఉన్నాది. నిజంగా సచ్చినాక ఇంకేటి ఇంటాను?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ ఒక్క మంచి మాట కోసం ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నాడో గాని, చెప్తూ వాములోంచి గడ్డిపోచలు లాగుతున్నాడు.

"ఆవిడ ఒప్పుకోవద్దూ?"

"కాకి తన్నిందంటే ఒప్పుకోక సస్తాదా?"

మనిషి తలని కాకి తన్నితే కీడు. అది పోవాలంటే వాడు పోయాడని ఎవరో ఒకరు కన్నీళ్ళు పెట్టుకోవాలి. మామూలుగా దూరపు చుట్టానికి చావు కబురంపి, వాళ్ళు ఏడ్చుకుంటూ వచ్చాక నిజం చెప్పి తిట్లు తింటారు. అక్కడితో కీడు పోయినట్టు లెక్క.

మర్నాడు పొద్దున్నే కూర్మయ్య తల పట్టుకుని వీధిలో చతికిలబడ్డాడు. జనం మూగారు. అసిరమ్మ చేట పట్టుకునే బయటికొచ్చింది.

"కాకి తన్నినాదే!" అన్నాడు కూర్మయ్య.

"ఎవులు సూసినారు?"

"పంతులమ్మ సూసినాది."

అసిరమ్మ నా వైపు తిరిగింది. "నివ్వు సూసినావా?"

"చూశాను," అన్నాను. అబద్ధసాక్ష్యం పలకరాదన్నది తొమ్మిదో ఆజ్ఞ. నాకు నాలుగేళ్ళప్పుడు మా నాన్న బట్టీ పట్టించాడు.

"ఏ కాలితో తన్నినాది?"

"కుడికాలితో."

అసిరమ్మ నన్ను చాలాసేపు చూసింది. చివరికి చేట కింద పెట్టి, "అయితే గరివిడిలో ఈడి అప్పకి కబురెట్టండి. ఆవిడేడుస్తాది," అంది.

"అప్పకి గుండెజబ్బు. నిజంగానే పోద్ది," అన్నాడు కూర్మయ్య. ఇది ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

పక్కింటి జగ్గమ్మ ఇలాంటి వాటికి ఊళ్ళో పెద్దదిక్కు. ఆమె తీర్పు చెప్పేసింది. "పెళ్ళాం ఏడిసినా సెల్తాది. నీల్లు రావాల, అంతే. తెలిసి ఏడిసినావా, తెలవక ఏడిసినావా అని కాకి అడగదు. శవం మట్టుకు నోరిప్పకూడదు. ఇప్పితే కీడు రెండింతలు."

వాకిట్లో నులకమంచం వేశారు. కూర్మయ్య పడుకున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పారు. కోళ్ళ గోల పడకుండా మైకుని అతని తల పక్కనే మంచం పట్టెకి కట్టాను. కొత్త బ్యాటరీలు వేసి, స్పూలు ఎక్కించి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఊరంతా నా చుట్టూ నిలబడింది. అసిరమ్మ మంచం పక్కన కూర్చుని, జుట్టు ముడి విప్పుకుని, చెయ్యి దుప్పటి మీద వేసింది. మెషిను మీద శబ్దం కొలిచే ముల్లు ఎగిరింది.

"ఓలమ్మో నా మావో! కుడికాలి కాకి వొచ్చి తన్నీసినాదా మావో! తలలో ఏటుందని తన్నినాదో మావో! నలబయ్యేళ్ళు ఎతికినాను, నాకేటీ దొరకనేదు మావో!"

జనం గొల్లుమన్నారు. దుప్పటి కింద కూర్మయ్య కాళ్ళు కదిలాయి. జగ్గమ్మ "ఊ!" అని గద్దించింది.

"ఊరోళ్ళ తగువులన్నీ తీర్సినావు మావో! మన సూరు కారితే సూస్తా కూకున్నావు మావో! గేది ఈనితే రేతిరంతా మేలుకున్నావు మావో! నాను నొప్పులొచ్చి నీలాడితే గుర్రెట్టి తొంగున్నావు మావో!"

తేలు కుట్టిన దొంగలా పడున్నాడు కూర్మయ్య. లేస్తే కీడు, లేవకపోతే పరువు. నాకు నవ్వాగడం లేదు. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు మా చర్చిలో విన్న ఏ కీర్తనకీ తీసిపోవడం లేదు. తిట్లకి అంత మంచి రాగం ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"కూర్మనాతుడి తీర్తంలో నన్ను ఒగ్గీసి బొమ్మలాట సూసినావు మావో! నాను తప్పిపోనానని తెలిసి, నా పేరెట్టి అరుస్తా బజారంతా ఏడుసుకుంటా తిరిగినావు మావో! పెళ్ళాన్ని పేరెట్టి పిలిసే మొగోడేటని మీయమ్మ మూణ్ణెల్లు నన్ను సాదించినాది మావో! జొరమొచ్చి పడుంటే గంజి కాసినావు మావో! ఉప్పు నేదు మావో! అడుగంటిపోనాది మావో! మూణ్ణాళ్ళూ అదే తాగించినావు మావో! తాగినాను మావో!"

ఇక్కడ ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు గొంతు సగానికి దిగింది. ముల్లు కిందకి పడిపోయింది, నేను శబ్దం పెంచాను.

"సంతకెల్తే సెప్పి ఎల్లినావు మావో. సేనికెల్తే సెప్పి ఎల్లినావు మావో. సుట్ట కాల్సుకోనానికి అరుగు దిగినా సెప్పి దిగినావు మావో. ఇంత దూరం ఎల్తా... నాకు సెప్పనేదేటి మావో?"

నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. అసిరమ్మ నిజంగానే ఏడుస్తోంది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఆ ఆఖరి మాటే మళ్ళీ అంది. ఇంకోసారి అంది. నాకెందుకో మా అమ్మ పోయిన రోజు నేను చేతులు కట్టుకుని పాడిన కీర్తన గుర్తొచ్చి, ఎవరైనా ఆ రోజు నన్ను ఇలా ఏడవనిచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. హెడ్‌ఫోన్లలో ఇంకేదో శబ్దం కూడా వినపడుతోంది గాని, అప్పుడు పట్టించుకోలేదు.

కాసేపటికి అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు ముడేసుకుంది. "కీడు పోనాది. లెగు. గేదికి కుడితెట్టు," అంది.

కూర్మయ్య వెంటనే లేవలేదు. లేచాక ఎవరి వైపూ చూడకుండా దుప్పటి మడత పెట్టాడు.

"ఒక్క మంచి మాటా అన్నేదు," అని గొణిగాడు. "తాగుబోతోడు పోతే కర్నుడన్నావు."

"ఆడి గురించి నాకేటి తెలుసు?" అంది అసిరమ్మ. "తెలవనోళ్ళని పొగుడుతాం. నీ గురించి అంతా తెలుసు కదా, ఏటని పొగిడీది?"

కూర్మయ్య కుడితి కుండ అందుకున్నాడు. గేదె దగ్గరికి వెళ్తూ, గుమ్మం దిగే ముందు ఆగి, "కుడితెట్టడానికెల్తన్నాను," అని ఆమెకి చెప్పి మరీ వెళ్ళాడు. నన్ను బస్సు దాకా దిగబెట్టింది మాత్రం అసిరమ్మే. దారిలో, "ఆ కాకిని మరి పంపకు పంతులమ్మా," అంది. సిగ్గుతో తల దించుకున్నాను.

వాల్తేరులో గణపతిరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. మొదట చికాకు పడ్డారు. "ఇదేమిటమ్మా, అన్నీ తిట్లే! పోయినవాణ్ణి పొగడాలి గాని!" అన్నారు. నడుముల మీద థీసిస్ కళ్ళముందు కనిపించింది. చివరికొచ్చేసరికి ఆయన మెషిను వైపు వంగారు. స్పూలు వెనక్కి తిప్పించి, ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ విన్నారు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"మెషిను నీ దగ్గరే ఉంచుకో," అన్నారు. "ఎంత అదృష్టవంతుడమ్మా పోయినాయన! అది సరే గాని, చివర్లో ఎవరో మగమనిషి వెక్కివెక్కి ఏడుస్తున్నాడే, మైకు పక్కనే. ఎవరు, కొడుకా?"

మా నాన్న నేర్పిన తొమ్మిదో ఆజ్ఞకి ఈసారి లోబడదామనుకున్నాను.

"కాదండీ," అన్నాను. "పోయినాయనే."