ట్రెడాన్ వారి పొగ

పొద్దున్నే రేవులోని రొట్టెల కొట్లో, మాంసమూ బంగాళాదుంపా కూరిన పాస్టీల అంచులు మడుస్తూ లవ్‌డే ట్రెడాన్ కిటికీలోంచి సముద్రం వంక చూసేది. దూరాన నీళ్ళ మీద పొగ లేస్తుండేది. అది ఎటు వాలిందో చూసుకుని ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకునేవాళ్ళు.

ఆ తీరపు పాత భాష కార్నిష్‌లో ట్రెడాన్ అంటే నిప్పున్న ఇల్లు. ఒకప్పుడు కొండకొమ్మున ఉండేది. అందులో పుట్టినవాళ్ళందరికీ అదే ఇంటిపేరయింది. ఒక చలికాలం కొమ్ము విరిగి, ఇల్లు మనుషులతో సహా సముద్రంలోకి దిగిపోయింది. పొయ్యి మాత్రం ఆరలేదు. నీళ్ళ అడుగున ఉన్నవాళ్ళు మనిషి సాయం కావలసినప్పుడల్లా ఇంటిపేరు పెట్టి పిలిచేవాళ్ళు. పైన ఆ పేరున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. భయపడిన దాయాదులు తగరపు గనులు వదిలి ఆస్ట్రేలియా పోయి పేరు మార్చుకున్నారు. నిరుడు లవ్‌డే తండ్రి సూపు తాగుతూ తాగుతూ చెంచా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఇక ఆ పేరుకు ఈ పిల్లే మిగిలింది.

పడవల ఇంజన్లు బాగుచేసే పెట్రాక్ హాకింగ్‌తో పెళ్ళి కుదిరేసరికి కొట్టు యజమానురాలు హోస్కెన్ ఊపిరి పీల్చుకుంది.

"పేరు మారిపోతుందే పిల్లా. ఇక వాళ్ళ కేకలు నీకు వినబడవు."

"పేరు పోతే పొయ్యి ఆరిపోదూ?" అంది లవ్‌డే. "నాన్న అసలే చలికి తట్టుకోలేడు."

పెళ్ళి దగ్గరపడేకొద్దీ పొగ పలచబడుతూ వచ్చింది. పెళ్ళినాటికి దారప్పోగంత మిగిలింది.

చర్చిలో పాదిరి అడిగాడు. "ఏ ఇంటిపేరు రాయమంటావమ్మా?"

పెట్రాకే చెప్పాడు. "ఇద్దరికీ ట్రెడాన్ అనే రాయండి."

"నీకేం పోయేకాలంరా?" అంటూ పెట్రాక్ వాళ్ళమ్మ బల్ల మీద కూలబడింది. బయటికొచ్చేసరికి సముద్రం మీద పొగ నల్లగా, దట్టంగా లేస్తోంది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు ఇద్దరూ టీ తాగుతుండగా పిలుపొచ్చింది. పెట్రాక్ తలెత్తాడు.

"మీ నాన్న గొంతేనా?"

"ఊఁ."

"మనలో ఎవర్ని రమ్మంటున్నాడు?"

"మనిషి పేరు చెప్పరు, ఇంటిపేరే. ఎవరు ముందు లేస్తే వాళ్ళే."

చెబుతూనే లవ్‌డే లేవబోయింది. లేవలేకపోయింది. అతని చెయ్యి ఆమె భుజాన్ని కుర్చీలోకి అదిమిపట్టి ఉంది. పెట్రాక్ అప్పటికే నిలబడి ఉన్నాడు.