రైట్ చెప్పే మనిషి

కోదాడ బస్టాండులో బిక్షం టికెట్లు కొడుతూనే ఉన్నాడు. జనం బస్సెక్కకముందే, కింద నిలబడి టికెట్లిచ్చే డ్యూటీ అది. చీటీ చింపడం, చేతిలో పెట్టడం, మొహం చూడకుండానే "యాడికి?" అనడం. ఎడమ మోకాలు వాచింది. బరువంతా కుడికాలి మీద వేసి నిలబడ్డాడు. ఇవాళ్టితో రిటైరు. సాయంత్రం మిర్యాలగూడ డిపోలో తన టికెట్ మిషన్ అప్పజెప్పాలి. పొద్దుటి నుంచి దాని గురించి అతనికేమీ అనిపించలేదు.

నల్లగొండ వెళ్ళే బస్సు ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు చందుది ఆత్మకూర్. డిగ్రీ చదివి, ఏజెన్సీ తరఫున కొత్తగా చేరాడు. ఆ బస్సుకు కండక్టరు లేడు. దారిలో ఎక్కేవాళ్ళకు టికెట్లు కూడా చందే కొట్టాలి.

"మళ్ల లేటేనా?" అన్నాడు బిక్షం.

"ఇయ్యాల గూడ లేటైతే రేపటి సంది రావద్దన్నరు సార్."

డిపోకు పోవాలి కాబట్టి బిక్షం ఆ బస్సే ఎక్కి, ముందు తలుపు పక్కన ఖాళీగా ఉన్న కండక్టరు సీట్లో కూర్చున్నాడు.

హుజూర్‌నగర్‌లో జనం తోసుకుంటూ ఎక్కారు. చందు ఇంజను ఆపి, మిషన్ పట్టుకుని సీట్ల మధ్యకు వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"బండి నడుపుతవా, బ్యాంకు నడుపుతవా?" అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు లేచాయి. చందు చేతిలోంచి చిల్లర జారి సీట్ల కిందికి దొర్లింది.

బిక్షం చేరిన రోజుల్లో కొత్తవాణ్ణి ఒంటరిగా పంపేవాళ్ళు కాదు. అతని డ్రైవరు జాన్. తరువాతి స్టేజీ వచ్చేలోపు బిక్షం టికెట్లు పూర్తికాకపోతే జాన్ బండి పక్కకు ఆపి, దిగి, బాగున్న టైరునే కాలితో తన్నుతూ నిలబడేవాడు. "గాలి సూస్తున్న, జర ఆగుండ్రి," అనేవాడు జనంతో. బిక్షం రైట్ అనేదాకా ఆ టైరు బాగయ్యేది కాదు. నేర్పుతున్నానని జాన్ ఒక్కనాడూ అనలేదు.

బిక్షం లేచాడు. "నీ మిషన్ ఇటు తే. పోయి స్టీరింగ్ పట్టు."

"చెకింగోళ్లు వస్తే నా మీదికొస్తది సార్."

"ముసలోడు గుంజుకున్నడని చెప్పు. నా నౌకరి ఏం తీస్తరు, పొద్దుమీకితే అదే పోతది."

చందు కూర్చుని గేరు వేయబోయాడు.

"ఆగు. అవ్వ ఎక్కుతున్నది."

ఆమె ఎక్కాక బిక్షం తలుపు మూసి "రైట్" అన్నాడు. చందు అద్దంలో ఒకసారి చూసి బండి కదిలించాడు. నేరేడుచర్ల వచ్చేసరికి అద్దంలో చూడటం మానేశాడు. ఆ మాట వినపడేదాకా ఆగుతున్నాడు.

మిర్యాలగూడకు టైముకే చేరారు. డిపో ముందు బిక్షం మిషన్ తిరిగిచ్చి, సంచి తీసుకున్నాడు.

"రేపెట్ల సార్?" అన్నాడు చందు.

బిక్షం భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకుని, దాన్ని మడిచాడు. రెయిలింగు పట్టుకుని, మోకాలు వంచకుండా మెల్లగా దిగి, గేటు వైపు నడిచాడు.

అక్కడే ఎక్కిన ఒకామె కండక్టరు సీటు దగ్గర ఆగింది. "గీడెవరన్నా ఉన్నరా బిడ్డా?"

"ఉన్నరమ్మా. సీటు ఆపిండ్రు. ఎనకకు పోయి కూసో," అన్నాడు చందు.

బిక్షం గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. చందు బ్రేకు మీద కాలు ఉంచి, తలుపు వైపు చెవి పెట్టి ఆగాడు. తరువాత బస్సు కదిలింది.

సీటు మీద బిక్షం తువ్వాల, చెమట తడి ఆరకుండా, నాలుగు మడతల మీద ఉంది.