దువ్వెనకి చిక్కిన చెక్కపొట్టు

పొద్దున్నే కోడలు తల దువ్వుకుంటే దువ్వెన వెంట చెక్కపొట్టు రాలుతుంది. చిత్రిక పట్టినప్పుడు లేచే పల్చటి పొట్టు, ఉంగరాలు చుట్టుకుని, పచ్చి చెక్క వాసనతో. అత్తగారు చీపురు తెచ్చి ఊడ్చేస్తుంది. "ఇవాళ టేకు చెక్కటే, అమ్మాయ్?" అంటుంది, ఇవాళ కూరేమిటని అడిగినట్టు.

పెళ్ళికి ముందు కోడలు తన తండ్రి పక్కన వడ్రంగం చేసేది. ఏ సంగతి ఆలోచించాలన్నా చేతిలో చిత్రిక ఉండాల్సిందే. చెక్క వాటం చూసుకుంటూ తోస్తుంటే తలలో చిక్కు కూడా విడిపోయేది. పెళ్ళికి ఊఁ అనడం ఒక్కటే ఉత్త చేతులతో చేసింది. ఇప్పుడు ఎవరేమడిగినా "మీ ఇష్టం" అంటుంది. కోడలు బంగారమని చుట్టాలు మెచ్చుకుంటారు.

వీధి చివర కుర్చీలు చేసే షెడ్డులో పనికి మనిషి కావాలన్నారు. వెళ్తానని మొగుణ్ణి అడిగింది.

"నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు, కాలు మీద కాలేసుకుని.

"ఆ నలుగురూ కూర్చునే కుర్చీలు ఎవరో ఒకరు చేసినవేగా," అంది. అంతవరకూ వచ్చింది గానీ, ఆ పైమాట తోచలేదు. చేతులు ఖాళీ.

ఆనాటి నుంచి పొట్టు తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున దువ్వెనకి వెంట్రుకలే వచ్చాయి. మళ్ళీ దువ్వింది. వెంట్రుకలే.

"పోన్లే అమ్మా, నీకు ఊడ్చే పని తప్పింది," అన్నాడు కొడుకు, పేపరు తిప్పుతూ.

అత్తగారు చీపురు మూలన పెట్టింది.

"నాకైతే తల దువ్వుకుంటే నూలుపోగులు రాలేవే," అంది కోడలితో. "పుట్టింట్లో మగ్గం నాదే. ఇక్కడికొచ్చాక కొన్నాళ్ళు రాలాయి, ఆగిపోయాయి. తల శుభ్రపడిందని మీ మావయ్య సంబరపడ్డారు. ఆ తర్వాత నాకు సొంతంగా ఒక్క ఆలోచన వస్తే ఒట్టు. ఇదే మొదటిది. షెడ్డుకి వెళ్ళు."

"మరి వంట, అత్తయ్యా?"

"వాడికి చేతులున్నాయిగా. రెండూ కొత్తవే, ఇంతవరకూ వాడలేదు."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

కోడలు జడైనా వేసుకోకుండా వెళ్ళింది. కాసేపటికి వీధి చివర చిత్రిక చప్పుడు మొదలైంది. ముందు తడబడింది, తర్వాత సాఫీగా సాగింది.

అత్తగారు గుమ్మంలో కూర్చుని వింటూ, కొంగు చివర తెగిన రెండు పోగులు పట్టుకుని ముడెయ్యబోయింది. ఒకప్పుడు కళ్ళు మూసుకుని వేసిన ముడి. వేళ్ళు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. దారి దొరకలేదు. అయినా పోగులు వదల్లేదు.