తీగ కింద ఆట

మా టీ బడ్డీకి ఎదురుగా వాలీబాల్ కోర్టు ఉంది. దాని మీదుగా ఒక టెలిఫోను తీగ పోతుంది. రోడ్డు పక్క స్తంభం నుంచి రిటైరైన హెడ్డుగుమాస్తా గారి ఇంటికి వెళ్ళే తీగ అది. సరిగ్గా నెట్టు దగ్గరికి వచ్చేసరికి కిందికి వేలాడుతుంది. బంతి తగిలినప్పుడల్లా ఆయన వరండాలోకి వచ్చి, ఫోను పాడైపోయిందని కేకలు వేసేవారు. ఆ కేకలు పడలేక ఆడేవాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. బంతి తీగ దాటి పైకి వెళ్ళిందంటే ఆట అక్కడితో ఆగిపోవాలి. పైకి పంపినవాళ్ళదే తప్పు. నా కొడుకు ప్రేమ్ కుమార్ ఆట నేర్చుకున్నది ఆ నియమంతోనే.

వాడు లిఫ్టర్. నెట్టు పక్కన నిలబడి, వచ్చిన బంతిని వేళ్ళతో పైకి లేపి, కొట్టేవాడికి అందించాలి. చప్పట్లు ఎప్పుడూ కొట్టినవాడికే. కానీ మావాడి విషయంలో లిఫ్టర్‌కి కూడా పేరు వచ్చింది. తీగకి భయపడి బంతిని మూరెడు ఎత్తుకి మించి లేపడు. అది వాడి వేళ్ళు వదిలేసరికే, కొట్టే గోపీ గాలిలో ఉంటాడు. అవతలివాళ్ళు చేతులెత్తేలోగా బంతి నేల మీద ఉంటుంది. ఎక్కడ పోటీలు జరిగినా మా చోడవరం టీము అలాగే గెలుస్తూ వచ్చింది.

ఎరువుల కొట్టు గోవిందరావు రోజూ సాయంత్రం మా బెంచీ మీద కూర్చుని ఆట చూసేవాడు. వయసులో ఉన్నప్పుడు అతనూ ఆడినవాడే.

"నీ కొడుకు మంచోడే వరమ్మప్పా. కాదన్ను. కాని ఆ పేరు ఆడిది కాదు, తీగది. ఆ తీగా, గోపీగాడూ నేకపోతే ఆడూ అందరిలాటి లిఫ్టరే" అనేవాడు నాతో, అక్క వరస కలుపుకుని.

"మరి నువ్వూ ఈ కోర్టులోనే ఆడేవు కదా తమ్ముడూ. నీకేటి పేరొచ్చింది?"

"నాను ఆడినప్పుడు తీగెక్కడిదప్పా. ఊర్లో ఫోన్లే నేవు."

"అందుకే మామ ఎరువులమ్ముకుంతన్నాడు. తీగుంటే మెడ్రాసులో ఆడీవోడు" అనేవాడు గోపీ చెమట తుడుచుకుంటూ. బెంచీ మీదవాళ్ళంతా నవ్వేవాళ్ళు. గోవిందరావు కూడా నవ్వి ఇంకో టీ అడిగేవాడు.

ఆ ఏడాది వేసవిలో ఈ మాట నవ్వులాటగా ఉండడం మానేసింది.

విశాఖపట్నంలో ఒక కంపెనీ టీముకి కోచ్‌గా ఉన్నాయన మావాడి సంగతి విని చోడవరం వచ్చాడు. రెండు సాయంత్రాలు మా బెంచీ మీద కూర్చుని చూశాడు. కోర్టు కంటే తీగనే ఎక్కువ చూశాడని నాకు అనిపించింది. వెళ్ళేముందు ప్రేమ్ కుమార్‌ని పిలిచి చెప్పాడు.

"వచ్చే ఆదివారం వడ్డాదిలో టోర్నమెంటు. రోలుగుంట టీముకి లిఫ్టర్ లేడు. నువ్వు వాళ్ళకి గెస్టుగా ఆడు. నీవాళ్ళు పక్కన లేకుండా నువ్వేమిటో చూడాలి నేను. నచ్చితే మా కంపెనీలోకి తీసుకుంటాం. పర్మనెంటు ఉద్యోగం."

మావాడికి చెరకు సీజన్లో గోవాడ ఫ్యాక్టరీ దగ్గర కూలి పని దొరికేది. సీజను అయిపోతే ఖాళీ. నేను టీ కాస్తుంటే గ్లాసులు కడిగేవాడు. పర్మనెంటు అనే మాట విని ఆ రోజు పాలు పొంగిపోయినా చూసుకోలేదు నేను.

వాడు మాత్రం అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉన్నాడు.

"అమ్మా, గోవిందరావు మామ సెప్పినట్టే అయితే?"

"ఏటి సెప్పేడు?"

"ఈ తీగే నా ఆటని. రోలుగుంటోళ్ళు పైకి లేపమంటారు. నాను పుట్టిన కాడ్నించి పైకి లేపనేదు. నాకేటొచ్చో నాకే తెల్దు."

వాడిది గొప్ప ఆట అని చెప్పాలనే ఉంది. కానీ నాకు మాత్రం ఏం తెలుసు? ఆ తీగ కింద తప్ప నేనూ వాడిని చూడలేదు.

"ఆడి సూడరా. తెలుస్తాది. ముందు ముద్ద కలుపు" అన్నాను.

గోపీకి ఎలా చెప్పాలా అని వాడు మథనపడ్డాడు గానీ గోపీ తేలిగ్గా తీసుకున్నాడు. "ఎల్రా బాబూ. మాకు అనిల్‌కుమార్ లేపుతాడులే. ఒకటే మాట, నువ్వు నాకు ఎదర పడ్డావంటే మొహం సూడను, కొట్టెస్తాను."

ఆదివారం చర్చికి వెళ్ళి, ఆరాధన కాగానే నేనూ బస్సెక్కాను. గోవిందరావు అప్పటికే సీట్లో కూర్చుని, నాకోసం పక్కన తువ్వాలు వేసి ఉంచాడు. వడ్డాదిలో దిగేసరికి చీటీలు తీశారు. మొదటి ఆటే రోలుగుంటకీ చోడవరానికీ.

"కలిసొచ్చింది" అన్నాడు గోవిందరావు. ఎవరికి కలిసొచ్చిందో చెప్పలేదు.

రోలుగుంట కుర్రాళ్ళు పొడుగైనవాళ్ళు, ఒళ్ళు గట్టివాళ్ళు. వాళ్ళ కెప్టెన్ ఏసుపాదం తలుపు అంత ఉన్నాడు. వాళ్ళు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, పైనుంచి దిగే బంతి కోసం ఆగి కొడతారు. మావాడు అలవాటు కొద్దీ మూరెడు ఎత్తే లేపాడు. వాళ్ళు ఇంకా పరుగులోనే ఉన్నారు, బంతి నేల మీద ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి వెనకవాడు అందుకున్న బంతి బాగా ఎత్తుకి లేచి మావాడి వైపు వచ్చింది. ప్రేమ్ కుమార్ దానిని చూసి, చేతులు దించేసి నిలబడిపోయాడు. బంతి నెమ్మదిగా దిగి వాడి కాళ్ళ దగ్గర పడింది.

జనం గొల్లుమన్నారు.

"ఏటయ్యా గెస్టూ, నిద్దరొస్తందేటి?" అని ఎవడో అరిచాడు.

గోవిందరావు నవ్వలేదు. "తీగ" అన్నాడు మెల్లగా. నాకూ అదే తోచింది. లేని తీగని దాటిపోయింది కాబట్టి ఆట ఆగిపోయిందనుకున్నాడు వాడు.

మొదటి గేము చూస్తుండగానే పోయింది. కోచ్ గారు సంచీ సర్దుకుని భుజాన వేసుకున్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న మనిషి చెప్పిందే నిజమైంది కదా అనుకున్నాను. విచిత్రం ఏమిటంటే, నిజమైనందుకు అతను నాకంటే ఎక్కువ దిగులుగా ఉన్నాడు.

గేముల మధ్యలో రోలుగుంటవాళ్ళు మా ముందే కూర్చుని నీళ్ళు తాగారు. మావాడు ఏసుపాదాన్ని అడగడం వినిపించింది.

"మీకు ఎంత ఎత్తు కావాలన్నా?"

"ఆ కొబ్బరిచెట్టంత లేపరా బాబూ. తినీసి వచ్చేం. మీ గోపీలాగ మిడతలం కాదు మేము."

మావాడు ఆ ఉదయం నుంచీ మొదటిసారి నవ్వాడు. తరవాత కాసేపు చెట్టు పైకి చూస్తూ ఉండిపోయాడు.

రెండో గేములో పైకి లేపడం మొదలుపెట్టాడు. ఒకటి నెట్టుకి దూరంగా పోయింది. ఒకటి అవతలివాళ్ళ చేతుల్లోకే పోయింది. ఆ తరవాతది నిటారుగా లేచింది. ఏసుపాదం దాని కింద ఆగి, చూసుకుని మరీ కొట్టాడు. చోడవరం వాళ్ళు ఒక్కరూ కదలలేదు.

తరవాతి బంతికీ అంతే. ఈసారి నేను మావాళ్ళ కాళ్ళకేసి చూశాను. బంతి ఎత్తుకి లేవగానే ఆరుగురి కాళ్ళూ ఒక్క క్షణం ఆగిపోతున్నాయి. అనిల్‌కుమార్ చేతులైతే కిందికే దిగిపోతున్నాయి. ఇన్నాళ్ళూ ఎన్ని ఊళ్ళలో ఆడారో, ఈ సంగతి ఎవరూ గమనించలేదు. తన కాళ్ళు అలా ఆగిపోయాయి కాబట్టి ప్రేమ్ కుమార్‌కి తెలిసింది.

ఇంక వాడు బంతిని ఆకాశానికి పంపడమే పనిగా పెట్టుకున్నాడు.

"ఒరే, కదలండ్రా. ఇక్కడ తీగ నేదురా" అని గోపీ గొంతు చించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. గోవిందరావు మాత్రం తొడ మీద కొట్టుకుంటూ నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా.

మావాళ్ళు నెమ్మదిగా సర్దుకున్నారు. సర్దుకుని, పైకి లేచిన బంతి కోసం కాచుకుని ఉన్న సమయంలో, ప్రేమ్ కుమార్ ఉన్నట్టుండి మూరెడు ఎత్తున మాత్రమే అందించాడు. అంత బరువైన ఏసుపాదం అప్పటికే గాలిలో ఉన్నాడు. ఎప్పుడు సైగ చేసుకున్నారో నేను చూడలేదు. ఆ గేము రోలుగుంటది.

మూడో గేము చివరిదాకా వచ్చి చోడవరానిదైంది. గోపీ చెప్పినట్టే కొట్టాడు. ఒకటి మావాడి భుజానికే తగిలింది. ఆట అవగానే ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని సోడా బండి దగ్గరికి పోయారు.

కోచ్ గారు భుజం మీది సంచీ దించి మా దగ్గరికి వచ్చాడు. "మొదటి గేముకే బస్సెక్కేద్దామనుకున్నానమ్మా. ఒకటో తారీకు పంపించండి మీ అబ్బాయిని."

గోవిందరావు అతన్ని వదల్లేదు. "సారూ, ఒక్క మాట సెప్పండి. గొప్ప ఆడిదా, ఆ తీగదా?"

"మా దగ్గర ఆట ఇంకో రకం. వచ్చిన కొత్తలో ఇతనికి ఏమీ రాదు. అదీ నేర్చుకుంటాడేమో చూసి, నన్ను అప్పుడడగండి" అన్నాడాయన.

అలాగే అయిందట. మొదట్లో బెంచీ మీద కూర్చోబెట్టారని, తరవాత తరవాత దింపుతున్నారని కబురు చేశాడు వాడు. ఒక రోజు పేపర్లో ఆటల పేజీలో అడుగున వాడి పేరు పడింది. నేనే కూడబలుక్కుని చదివి గోవిందరావుకి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు.

దసరా ముందు ఒక శనివారం వాడు కంపెనీ బూట్లతో ఇంటికి వచ్చాడు. టీ అయినా తాగకుండా కోర్టులోకి దిగాడు. బెంచీ నిండిపోయింది. మొదటి బంతి వాడి చేతుల్లోకి వచ్చింది. ఎంతో అందంగా లేపాడు. అది తిన్నగా వెళ్ళి తీగకి తగిలింది.

హెడ్డుగుమాస్తా గారు వరండాలోకి వచ్చారు. "ఎవడ్రా అది? ఓహో, నువ్వా. ఉద్యోగం వచ్చేక కూడా నా ఫోనే కావలసి వచ్చిందా నీకు?"

రెండోదీ తీగకే తగిలింది. మూడోది కిందికి అందించాడు గాని, అప్పటికి గోపీ అనిల్‌కుమార్ లిఫ్టుకి అలవాటు పడిపోయాడు. ఇద్దరూ ఢీకొని కింద పడ్డారు. పడ్డవాళ్ళు లేవకుండా అక్కడే నవ్వుతూ ఉన్నారు.

గోవిందరావు తొడ చరుచుకున్నాడు. "సూసేవా అప్పా? ఇప్పుడు సెప్పు. ఆడిదా, తీగదా?"

"ఇంకో గేము సూసి సెప్తాను" అన్నాను. స్టవ్వు తగ్గించి, కోర్టు బాగా కనబడేలా స్టూలు ఇవతలికి లాక్కున్నాను.