తిన్నని కత్తి

సింగన్న డేగపుంజు పేగులు జీడిపిక్కల గోదాము నేల మీద పడ్డప్పుడు ఎవడూ కిక్కురుమనలేదు. పందెమన్నాక ఏదో ఒక పుంజు చావాల్సిందే కదా. రగడంతా దేవుళ్లు తన సెల్లు తీసి చూపించాక మొదలైంది.

మాకవరపాలెం వైపు ఆ ఊళ్లో కెమెరా ఉన్న సెల్లు మొదట కొన్నది దేవుళ్లే. పెళ్లి తీశాడు, చావు తీశాడు, గేదె ఈనుతుంటే అదీ తీశాడు. ఖాళీగా ఉండే చేతులు ఊరుకుంటాయా! ఆ రోజు పందెం తీశాడు. గెలిచిన పుంజు కాలు విసిరిన చోట బొమ్మ ఆపితే, కాలికి కట్టిన కత్తి కొడవలిలా వంగి కనపడింది. ఆ ఊరి పందేల్లో తిన్నని కత్తే కట్టాలి. వంకర కత్తి కట్టడమంటే కన్నతల్లికి ద్రోహం చేసినంత పని. ఆ రోజు రెండు పుంజులకీ కత్తి కట్టినవాడు పైడిబాబు.

"తిన్నగానే ఉంది బాబూ, ఇదిగో సూడండి" అని పైడిబాబు కత్తి విప్పి చూపించాడు. అది తిన్నగానే ఉంది.

"మార్సేసినావురా దొంగనాకొడకా! సెల్లు అబద్ధమాడతాదేట్రా?" అన్నాడు సింగన్న.

సింగన్న మనుషులు ఇద్దరు పైడిబాబు వీపు మీద మోకాళ్లు పెట్టి అదిమారు. ఒకడు కుడిచెయ్యి పీట మీద నొక్కిపట్టాడు. చెరుకు కత్తి సింగన్నది. మొదటి దెబ్బకు బొటనవేలు తెగలేదు, ఎముక దగ్గర ఆగింది. రెండో దెబ్బకు తెగింది. కత్తి కట్టేవాడికి దారం బిగించే ఆ వేలే కూడూ గుడ్డా. "వచ్చే ఆదివారం అందరి ముందూ తప్పొప్పుకో. నేదంటే రెండోదీ పట్టుకుపోతాను" అని లుంగీ ఎగ్గట్టుకుని వెళ్లిపోయాడు, ఆ మహానుభావుడు.

కబురు అందగానే పైడిబాబు చెల్లెలు దుర్గ విశాఖపట్నం నుంచి పడుతూ లేస్తూ వచ్చింది. అక్కడ ఒక పరిశోధనశాలలో కెమెరాలు చూసుకునే పని ఆమెది. నర్సీపట్నం ఆసుపత్రి మంచం మీద అన్న చేతికి చుట్టిన గుడ్డ చూసి, ఏడవాల్సింది పోయి తిట్ల దండకం అందుకుంది.

"నడు అన్నియ్యా, టేసన్‌కి పోదాం."

"పందెం ఆడినోణ్ణి, ఏ మొకం పెట్టుకుని ఎల్తానే?" పైడిబాబు గొంతు తగ్గించాడు. "ఒకేళ నానే వంకరగా కట్టేసినానేమో అమ్మీ. బొమ్మలో కనపడతంది కదా."

దుర్గకు అన్న వేలు పోయినందుకంటే, తప్పు తనదేనేమోనని అతను తలదించుకున్నందుకు ఎక్కువ మండింది. అమ్మ పోయాక ఆమెను చదివించింది ఆ చేతులే.

అప్పుడే దేవుళ్లు అరటిపళ్లు పట్టుకుని, పాపం చేసిన మొహంతో వచ్చాడు. దుర్గ వాడి సెల్లు లాక్కుని ఆ బొమ్మ చూసింది. తర్వాత దాన్ని పైకెత్తి, తిరుగుతున్న ఫ్యాన్‌ని తీసింది. బొమ్మలో రెక్కలు మూడూ కొడవళ్లలా వంగి ఉన్నాయి.

"ఈ రెక్కలు ఎవడు వంచాడ్రా? మా అన్నేనా?"

దేవుళ్లు ఒకసారి ఫ్యాన్‌ని, ఒకసారి సెల్లుని చూసి "ఓలమ్మో" అన్నాడు.

"ఇది బొమ్మని పైనుంచి కిందికి గీత తర్వాత గీత తీస్తుంది. పరిగెత్తే ఎద్దు బొమ్మ గీసినట్టే. నువ్వు కొమ్ములు గీసి కాళ్ల దగ్గరకొచ్చేసరికి ఎద్దు ముందుకెళ్లిపోతుంది. ఇక బొమ్మ వంకర పోక ఏం చేస్తుంది?"

కానీ సింగన్నకి ఫ్యాన్ చూపిస్తే నమ్ముతాడా? నిజం చూపే కెమెరా ఎదురుగా పెట్టాలి. దుర్గ తమ సారు కాళ్లావేళ్లా పడి ఒకటి తెచ్చింది. మిణుగురు వెలుగు ఎలా పుట్టి ఎలా ఆరుతుందో చూడ్డానికి వాడే విదేశీ కెమెరా అది. కొద్దిపాటి వెలుతురు చాలు దానికి. బొమ్మ మొత్తాన్ని ఒకే రెప్పపాటులో పట్టేస్తుంది, సెకనుకి అలాంటి బొమ్మలు వందలు. నిజం నిలకడ మీద తేలుతుందంటారు. అన్న రెండో వేలు పోకుండా ఉండాలంటే ఆదివారానికల్లా తేలాలి, అంతే.

ఆదివారం సాయంత్రం అదే గోదాము. తలుపు సందులోంచి వచ్చే వెలుతురే వెలుతురు. ఊళ్లో మగాళ్లంతా అక్కడే ఉన్నారు. సింగన్న చెరుకు కత్తి వెంట తెచ్చుకుని మరీ ముందు వరసలో కూర్చున్నాడు.

పైడిబాబు అదే పందెం కత్తిని ఒక కర్రకి కట్టాడు. దారం ఒక కొస పళ్లతో పట్టి, ఎడమచేత్తో చుట్టాడు. మూడుసార్లు జారింది. ఎవరైనా సాయం వస్తారేమోనని దుర్గ చూసింది, ఒక్కడూ కదల్లేదు. నాలుగోసారి ముడి బిగిసింది.

"ఊపు అన్నియ్యా, పుంజు కాలు విసిరినట్టు."

ఎడమచేత్తో ఊపాడు. దేవుళ్లు సెల్లుతో తీశాడు, దుర్గ తన కెమెరాతో తీసింది. సెల్లులో కత్తి వంకరపోయి ఉంది. దుర్గ కంప్యూటర్ తెరమీద ఒక్కొక్క బొమ్మే కదులుతోంది. ప్రతి దాంట్లోనూ కత్తి గీత గీసినంత తిన్నగా ఉంది.

"అందరూ చూడండి. కళ్లు పెట్టుకుని చూడండి!" దుర్గ గొంతు గోదామంతా మోగింది. "వంకర కత్తిలో లేదు, సెల్లులో ఉంది. ఈ కెమెరా అబద్ధమాడదు. మా అన్న తప్పు చెయ్యలేదు."

తలలన్నీ వంగిపోయాయి. సింగన్న లేచి తెర దగ్గరకొచ్చి చాలాసేపు చూశాడు. తప్పు తనదేనన్న మాట వాడి నోటివెంట వస్తుందని దుర్గ కాచుకుంది. వచ్చింది కూడా.

"సర్లేరా, పొరపాటైపోనాది. నా పుంజు పోనాది, నీ ఏలు పోనాది. సరికి సరి." వాడు పైడిబాబు భుజం తట్టి నవ్వాడు. వెనక ఎవడో కూడా నవ్వాడు.

దుర్గ అన్న మొహం చూసింది. ఇన్నాళ్లుగా వంగి ఉన్న తల ఇప్పుడు నిటారుగా ఉంది. ఆ పిచ్చిది సంతోషించింది. తప్పు తనదేనేమో అన్న అనుమానమే ఇన్నాళ్లూ ఆ చేతిని కట్టేసి ఉంచిందని ఆమెకు తట్టలేదు.

"అమ్మీ, ఇంకోపాలి తియ్యి" అన్నాడు పైడిబాబు. "బాగా దగ్గరగా తియ్యి."

దుర్గ బటన్ నొక్కింది.

కర్ర ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపు ఊగింది. సింగన్న మెడ చెవి కింద నుంచి గొంతు దాకా తెరుచుకుంది. వాడు రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం చిమ్మి తెర మీద, దుర్గ చీర మీద పడింది. చెరుకు కత్తి కోసం తడుముకుంటూ, తన పుంజు పడిన చోటే పడి కాళ్లు కొట్టుకున్నాడు. జనం తలుపు విరిగేలా బయటికి పరిగెత్తారు. అన్నా చెల్లెలూ మిగిలారు.

దుర్గ కంప్యూటర్ దగ్గరికి పాకింది. ఒక్క మీట నొక్కితే బొమ్మలన్నీ పోతాయి. అన్న ఎటు తిరిగాడో, ఎక్కడ గురిపెట్టాడో, ఏమీ మిగలదు.

"సెరిపేత్తన్నావేటే?" పైడిబాబు నేలమీద చతికిలబడి అన్నాడు. "వద్దే. నా కత్తి తిన్నగుందని సెప్పింది అదొక్కటే. ఉండనీ."

"నిన్ను ఉరి తీస్తారు అన్నియ్యా!"

"వంకరోడన్న మాటతో బతకమంటావేటి?"

చీకటి పడకముందే ఎస్సై వచ్చాడు. బొమ్మలు ఒక్కొక్కటే ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ దేవుళ్లుని అడిగితే, వాడు ఏడుస్తూ, "ఆ కెమేరా అబద్ధమాడదు బాబూ, దుర్గమ్మే సెప్పింది" అన్నాడు.

ఎస్సై దుర్గ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది ఉన్నదున్నట్టేనా? సెల్లు బొమ్మలా వంకర ఏమైనా ఉందా?"

సంకెళ్లు వేయించుకుంటూ పైడిబాబు చెల్లెలి నోటి వంకే చూస్తున్నాడు. చేతికి బొటనవేలు లేక కుడి సంకెల జారిపోతుంటే కానిస్టేబుల్ దాన్ని మళ్లీ బిగిస్తున్నాడు.

"లేదండీ" అంది దుర్గ. "కత్తి తిన్నగానే ఉంది."