నేస్తం చీర

మా కంపెనీలో పదకొండు మందిమి. ఆరు దేశాల్లో ఉంటాం. రైతుల సెల్‌ఫోన్లకు పంట సలహాలు పంపడం మా పని. తెలుగు సలహాలు రాసేది నేను, అరకులో ఒక అద్దె గదిలో కూర్చుని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే.

గొంతులు తప్ప మనుషులు తెలియకపోతే పని సాగదని మా మేనేజరు నమ్మకం. అందుకే ఏడాదికోసారి అందరినీ ఒకచోట చేర్చేది. 2008లో ఆ వంతు అరకుకు వచ్చింది. మనుషుల్ని దగ్గర చేసే ఆట ఏదైనా మీ వైపు ఉందా అని ఆవిడ అడిగితే, నలుగురిలో మెప్పు కోసం నేస్తం కట్టడం గురించి చెప్పాను.

అది ఆట కాదు. ఆ సంగతి మా ఊళ్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరి దేవత రాయి ముందు ఇద్దరు ఒకే ఆకుదొప్పలో జీలుగు కల్లు తాగి నేస్తం కడితే, చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఒకరింట పెళ్లయినా చావైనా రెండోవాడు రావాలి. రాలేకపోతే కబురైనా పంపాలి.

అయినా అందరినీ మా ఊరికి తీసుకెళ్లాను. కెన్యా నుంచి వచ్చిన కిప్రోనోతో ఆ రాయి ముందు మా చిన్నాన్న సోంబరు నేస్తం కట్టాడు. కిప్రోనోదీ కొండ ఊరే.

"ఇక నీ కట్టం సుకం నావి, నేస్తం" అన్నాడు చిన్నాన్న, అతని చేయి పట్టుకుని.

ఏమంటున్నాడని కిప్రోనో నన్నడిగాడు. స్వాగతం చెబుతున్నాడన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో మా వెబ్‌సైటు మొదటి పేజీకెక్కింది.

నెల తర్వాత కిప్రోనో మెయిల్ రాశాడు. ఆ పెద్దాయన చేయి చాలాసేపు వదల్లేదు, నేను చేయవలసింది ఏమైనా ఉందా అని. ఏమీ లేదు, అది మన సరదా కోసమే అని జవాబిచ్చాను. దేవత ముందు మా వాళ్లను ఆడించానని తెలిస్తే నన్నేమనుకుంటాడోనని భయం.

మరుసటేడు చిన్నాన్న కూతురు సోనికి పెళ్లి కుదిరింది. "నేస్తానికి రాసినావా?" అని కనబడ్డప్పుడల్లా అడిగేవాడు. రాశాననేవాణ్ణి. రాయలేదు.

"ఏటి సోంబరూ, నీ నేస్తం ఇమానం దిగడానికి మెట్ట సదును సేత్తన్నావేటి?" అన్నాడొకరోజు పక్కింటి భీముడు. ఊరంతా నవ్వింది. చిన్నాన్న తల దించుకున్నాడు. అది చూడలేక అరకు బజారులో ఒక చీర కొని, కెన్యా నుంచి వచ్చిందని ఇచ్చాను. దాన్ని భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి చూపించాడు.

పెళ్లి ఇంకో వారం ఉందనగా, సంతరోజు పొద్దున్నే నా గది తలుపు కొట్టాడు. చంకలో కోడిపుంజు.

"సీరెట్టినోడికి ఉత్తి సేతులు సూపకూడదురా కామేసూ. బేగి పంపు."

"కోడి కెన్యా వెళ్లదు చిన్నాన్నా."

"సీర వచ్చినాది. కోడెందుకు ఎల్లదు?"

నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముందు నిలబడలేకపోయాను. చీర సంగతి, రాయని కబురు, సరదా అన్న మాట, అన్నీ చెప్పేశాను.

తిట్టలేదు. కోడిని కిందికి దించి, దాని కాళ్ల తాడు సరిచేశాడు.

"అయితే ఆడు మాట తప్పనేదు."

"లేదు."

"ఊరంతా ఆణ్ణి ఎటకారమాడతంటే నాకూ లోపల కోపమొచ్చీది. తప్పు సెయ్యనోణ్ణి తిట్టుకున్నాను కదరా." లేచి నిలబడి అన్నాడు: "ఆ సీర సోని కట్టుకుంటాది. నువ్వు కొన్నావని ఊళ్లో నువ్వే సెప్పు. ముందు ఆడికి రాయి. ఆట అన్నది నువ్వు, నేను కాదని రాయి."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రాసేది తెలుగులో పైకి చదవమన్నాడు. ప్రియమైన కిప్రోనో అని మొదలుపెట్టగానే ఆపాడు.

"నా తరపున రాసీటప్పుడు పేరెట్టకూడదు. మరిసిపోనావా?"

చెరిపేసి, నేస్తం అని రాశాను. తర్వాత నేను చేసిందంతా రాశాను, పెళ్లి రోజుతో సహా.

"పంపాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు చిన్నాన్నా. సంత చూసుకుని రా."

అతను తలుపు పక్క బల్ల మీద కూర్చున్నాడు.

"ఆడు లేసేదాకా కూకుంటాను."

కోడి బల్ల కింద ముడుచుకుంది. నేను స్క్రీను వైపే చూస్తూ ఉన్నాను, ఇటు తిరిగితే చిన్నాన్న కళ్లు ఎదురవుతాయని.