జేబు కుట్టేసిన కోటు

"మీరే చంపారు నా తమ్ముణ్ణి. బాయిలరు వాడి ఒళ్ళు తీసుకుంటే మీరు వాడి పేరు తీసుకున్నారు. ఒకడు అబద్ధం రాశాడు, ఒకడు దాని కింద సంతకం గిలికాడు, ఇంకొకడు అంతా మరిచిపోయి కళ్ళు తుడుచుకోవడం ఎలాగో మాకు నేర్పుతున్నాడు."

ఇవన్నీ అక్క నోటిదాకా వచ్చాయి. నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి కాబట్టి అక్కడే ఆగిపోయాయి. ఎదురుగా టైమ్ కీపరు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నాటకంలో అతనిది గని యజమాని వేషం. మనిషి ఆరడుగులు, గొంతు గుమ్మటంలో మోగినట్టు మోగుతుంది, అందుకని ప్రతి ఏడూ ఆ వేషం అతనికే.

"కాలరు కాస్త బిగుస్తున్నట్టుందమ్మా," అన్నాడు.

అక్క సూదులు తీసి మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండుకి గుచ్చింది. "యజమాని వేషం కదండీ. మెడ వంగకూడదు."

కాలరు అర అంగుళం తగ్గించింది. తెలిసే తగ్గించింది.

ఆమెను మిల్లులో పిల్లా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. పగలు సంచుల విభాగంలో మిషను తొక్కుతుంది, సాయంత్రాలు నాటక సంఘానికి బట్టలు కుడుతుంది. స్టేజీ వెనక మెట్ల కింద ఒక గది ఇచ్చారు. నిటారుగా నిలబడితే నెత్తి తగులుతుంది. పదకొండేళ్ళుగా ఆ గదిలో వంగే బతికింది.

తమ్ముడు బాయిలరు గదిలో పనివాడు. ఎనిమిది నెలల కిందట బాయిలరు పేలింది. ముగ్గురు పోయారు. గేటు రిజిస్టరులో ఇద్దర్ని పనిలో పోయినవాళ్ళని రాశారు. తమ్ముడి పేరు దగ్గర మాత్రం "ఆ రోజు పనిలో లేడు, రాగి గొట్టాల కోసం గోడ దూకి వచ్చాడు" అని టైమ్ కీపరు రాశాడు, మేనేజరు కింద సంతకం పెట్టాడు. ఎందుకలా రాశారో ఎవడైనా చెప్పగలడు. బాయిలరు మీటరు పాడయిందని వారం ముందు అర్జీ పెట్టింది వాడొక్కడే. పనివాడు అర్జీ పెడితే అది అర్జీ. దొంగ పెడితే దానికి విలువేముంది? వాళ్ళ అమ్మ ఆ రోజు నుంచి కుళాయి దగ్గరికి అందరూ వెళ్ళిపోయాక వెళుతోంది. "దొంగోడి తల్లి" అని ఒకరు అన్నారు, ఒక్కసారే. ఆ ఒక్కసారి చాలింది.

దొంగ అనడానికి వాళ్ళు చూపిన సాక్ష్యం ఒక ఇత్తడి బిళ్ళ.

మిల్లు గేటు దగ్గర గోడకి పెద్ద చెక్క బోర్డు ఉంటుంది. దాని నిండా మేకులు, మేకుకొక బిళ్ళ, బిళ్ళకొక నంబరు. లోపలికి వచ్చేవాడు తన బిళ్ళ తీసి మొలతాడుకి కట్టుకుంటాడు. పోయేటప్పుడు మళ్ళీ మేకుకి తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, బిళ్ళ ఉంటే బయట ఉన్నట్టు. మేకులన్నీ నిండితే తప్ప టైమ్ కీపరు ఆ పూట రిజిస్టరు మూయకూడదు. పేలుడు జరిగిన మర్నాడు మేనేజరు అందర్నీ బోర్డు ముందు నిలబెట్టి, రెండు వందల పద్నాలుగో నంబరు మీద కర్ర ఆనించాడు. "బిళ్ళ ఇక్కడే ఉంది. మరి మనిషి లోపలికి ఎలా వచ్చాడు?" అన్నాడు. బిళ్ళను చేత్తో పట్టుకుని చూద్దామని ఎవరికీ తోచలేదు.

అక్కకి ఆ అవకాశం ఎనిమిది నెలలకి దొరికింది. బోర్డు వెనక ఆకుపచ్చ గుడ్డ వేయించాలని మేనేజరుకి బుద్ధి పుట్టింది, కొలత తీయమని అక్కని పంపారు. ఆ బిళ్ళ అక్కడే ఉంది. పోయినవాడి నంబరు తీసుకోవడానికి కొత్తవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. చుట్టూ ఉన్న బిళ్ళలు రోజూ చేతులు తగిలి తళతళలాడుతున్నాయి. ఇదొక్కటీ నల్లగా ఉంది. మురికేమోనని బొటనవేలితో రుద్దింది. రాలేదు. గోరు పెట్టి గీకింది, అయినా రాలేదు. ఒక అంచు కరిగి వంగింది, చిల్లులో మాడిన మొలతాడు పోగు అంటుకుని ఉంది.

బాయిలరు గది ఆ చివర, గేటు ఈ చివర. గేటు దగ్గర మేకుకి వేలాడుతున్న బిళ్ళకి మంట ఎలా తగిలింది?

టైమ్ కీపరు ఫోను ఎత్తడానికి అటు తిరిగాడు. అక్క బిళ్ళను టేపుతో పాటు చుట్టి రవికలో పెట్టుకుంది. మేకుకి ఒక పాత బొత్తాం తగిలించి వచ్చింది. అతను మేకులు నిండాయా లేదా అనే చూస్తాడు తప్ప, మేకుకి ఏం వేలాడుతోందో చూడడని ఆమెకి అప్పటికే అర్థమయింది. ఆ రోజు కూడా అంతే జరిగి ఉంటుంది. శవాల్ని గుర్తుపట్టడానికి టైమ్ కీపర్ని పిలిచారు. తమ్ముడి మొలకి ఉన్న బిళ్ళ తెంపాడు. పూట ముగిసింది, మేకు ఖాళీగా ఉంది, తగిలించాడు. తరవాత మేనేజరు కర్ర ఆనించినప్పుడు నోరు మూసుకుని, చెప్పింది రాశాడు. మొదటిది చెయ్యి చేసింది అనుకుందాం. రెండోది మనిషే చేశాడు.

ఇక నాటకం సంగతి. ప్రతి ఏడూ ఆడేది ఒకటే, ఒక పాత అమెరికా నాటకం. మిల్లులో అందరూ కోటు నాటకం అంటారు. బొగ్గు గని ఊరు, మూడంకాలు. గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆవిడ అతని కోటుని తలుపు పక్కన కొక్కేనికి అలాగే ఉంచుతుంది. చివర్లో గని యజమాని ఇంటికొచ్చి, "ఆ రోజు అతను లోపల లేడమ్మా, ఎటో వెళ్ళిపోయాడు" అంటాడు. ఆవిడ ఒక్క మాటా అనదు. కోటు తొడుక్కుంటుంది, తలుపు బార్లా తెరుస్తుంది, వెళ్ళిపోతుంది. తెర. హాలంతా ముక్కులు చీదుతుంది.

రిహార్సల్లో, నాటకం ఆడించే మాస్టారు దాని భావం చెప్పేవారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మిల్లు వాళ్ళు ఆయనకి కారు పంపి పిలిపిస్తారు.

"కోటు అంటే జ్ఞాపకం. తెరిచిన తలుపు క్షమ. లోపలికి వీచే గాలి పోయినవాడి ఆత్మ. ఆమె అందర్నీ క్షమించి తేలికపడి వెళ్ళిపోతుంది. అర్థమయిందా?"

పక్కతెర వెనక నుంచి మాటలు అందించే ప్రాంప్టరు బాబాయి కుర్చీలో కదిలాడు. "గాలి ఆత్మయితే, పక్కన ఫ్యాను తిప్పే నేనెవర్ని మాస్టారూ?"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. చేతిలో ఆ కోటే ఉంది, చేతి మడత కుడుతోంది.

"క్షమిస్తే కోటెందుకు తొడుక్కుంటుంది మాస్టారూ?" అంది.

"అంటే?"

"క్షమించిన మనిషి ఇంట్లో కూచుని ఇంత టీ పెట్టుకుంటుంది. చలికోటు తొడుక్కుందంటే బయట చాలాసేపు పని ఉందన్నమాట. పైగా మగాడి కోటు. భుజాలు జారిపోతాయి, చేతులు కనబడవు. అలా వీధిలో పోతే నలుగురూ చూస్తారు. చూడాలనే పోతోంది. తలుపు మూయలేదు, ఎందుకంటే ఇంకా మాట అయిపోలేదు."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నువ్వు కొలతలు చూసుకో తల్లీ. అర్థాలు మేం చూసుకుంటాం."

టైమ్ కీపరు గట్టిగా నవ్వాడు. గుమ్మటంలాంటి గొంతు కదా, హాలంతా తిరిగొచ్చింది ఆ నవ్వు.

ఆ సాయంత్రం బాబాయి మెట్ల కింది గదిలోకి దూరి, కాళ్ళు బయట పెట్టుకుని గుమ్మంలో కూచున్నాడు. ఒళ్ళో పాత రాతప్రతి. ముప్పయ్యేళ్ళ నాటిది, అట్ట ఊడిపోయింది.

"ఇది చూడవే అక్కా. మాస్టారు పెన్సిలుతో కొట్టేసిన ముక్క."

అక్క కూడబలుక్కుని చదివింది. చదువు తనంతట తాను నేర్చుకున్నదే, బట్టల మూటల మీది చీటీలు చూసి. "ఆమె కోటు జేబులో చెయ్యి పెడుతుంది. చెయ్యి ఆగుతుంది. అప్పుడు తలుపు తెరుస్తుంది."

"జేబులో ఏముంది బాబాయ్?"

"రాయలేదు. రాసినాయన మన బుర్రకి వదిలాడు. మాస్టారేమో అనవసరం అని కొట్టేశాడు. అప్పట్లో వేషం వేసే ఆవిడ అలవాటు కొద్దీ చెయ్యి పెట్టేస్తూ ఉండేది. కోటు వంకర పడుతోందని జేబు కుట్టించేశాడు."

అక్క కోటు తిరగేసింది. జేబు నోటికి అడ్డంగా నల్లదారం, దగ్గర దగ్గర కుట్లు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు. పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ ఆ కుట్టు వదులైతే బిగించింది తనే. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. చెప్పారు, కుట్టింది. ఒళ్ళు మండింది. ముందు తన మీదే మండింది.

మర్నాడు టీచరమ్మని పట్టుకుంది. మిల్లు బడిలో పాఠాలు చెప్పే మనిషి, నాటకంలో ఆ విధవరాలు ఆవిడే. అక్క బిళ్ళను ఆవిడ అరచేతిలో పెట్టి జరిగింది చెప్పింది.

టీచరమ్మ బిళ్ళను వెలుతురుకి తిప్పి చూసింది. "నా ఉద్యోగం వాళ్ళ చేతిలో ఉందక్కా."

"తెలుసమ్మా."

"మీ తమ్ముడు నా దగ్గరే చదివాడు. పలక మీద సున్నా చుట్టడానికి నెల పట్టింది వాడికి." బిళ్ళను తిరిగి ఇచ్చేసింది. "మాటివ్వలేను. ఆ క్షణంలో చెయ్యి వెళితే వెళుతుంది."

"నేను కుట్టు విప్పుతాను. చెయ్యి నీ ఇష్టం."

ఆదివారం మధ్యాహ్నం నాటకం. హాలు మిల్లు ప్రహరీ లోపలే ఉంది. చూడవచ్చిన పనివాళ్ళంతా గేటు దగ్గర బిళ్ళలు తీసుకునే లోపలికి వచ్చారు. ముందు వరసలో మేనేజరు, పక్కన మాస్టారు. ఆఖరి వరసలో, స్తంభం చాటున, అమ్మ. రానంటే అక్క రెక్క పట్టుకుని తెచ్చి కూచోబెట్టింది.

మూడో అంకం మొదలయ్యే ముందు అక్క బ్లేడు తీసింది. నల్లదారం ఒక్కో కుట్టూ టకటకమని తెగింది. బిళ్ళ జేబు అడుక్కి జారింది. కోటుని కొక్కేనికి తగిలించి పక్కతెర వెనక నిలబడింది.

టైమ్ కీపరు వచ్చాడు. బిగిసిన కాలరు పైన ముఖం ఎర్రబడి ఉంది. "ఆ రోజు అతను లోపల లేడమ్మా," అన్నాడు. బాగా అన్నాడు. ఎనిమిది నెలలుగా సాధన చేసిన మాట.

టీచరమ్మ లేచింది. కోటు తొడుక్కుంది. తలుపు దాకా నడిచింది. చెయ్యి తలుపు గొళ్ళెం మీదికి పోయింది. అయిపోయిందిలే అనుకుంది అక్క.

గొళ్ళెం మీది చెయ్యి వెనక్కి వచ్చింది. జేబులోకి వెళ్ళింది. ఆగింది.

మాస్టారు కుర్చీలో ముందుకి వంగారు. టీచరమ్మ నల్లటి బిళ్ళ బయటికి తీసి, టైమ్ కీపరు కళ్ళ ముందు పట్టుకుంది. ఏమీ అనలేదు. రాతప్రతిలో కూడా ఆవిడకి మాట లేదు.

టైమ్ కీపరు నంబరు చూశాడు. నోరు తెరిచాడు. ఇంకో మాట ఉంది అతనికి, "భగవంతుడు నీకు శాంతినివ్వాలి" అని. అది రాలేదు. పక్కతెర వైపు తిరిగి ప్రాంప్టరు వంక దీనంగా చూశాడు. బాబాయి అతని కళ్ళలోకి చూస్తూ పుస్తకం మూసేశాడు. ఫ్యాను కూడా ఆపేశాడు.

టైమ్ కీపరు కాలరులో వేలు దూర్చి లాగాడు. బొత్తాం తెగి స్టేజీ మీద దొర్లింది.

"అలవాటు," అన్నాడు. గుమ్మటం గొంతు కాదది. "పూట ముగిసింది. మేకు ఖాళీగా ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ..."

"మూయవయ్యా నోరు," అన్నాడు మేనేజరు ముందు వరసలోంచి. "తెర దించండి."

తెర తాడు బాబాయి చేతిలో ఉంది. దించలేదు.

అక్క స్టేజీ మీదికి వచ్చింది. మణికట్టుకి సూదుల దిండు, మెడలో టేపు. అన్నేళ్ళలో ఆ చెక్కల మీద ఆమె నిటారుగా నిలబడడం అదే మొదలు. టీచరమ్మ చేతిలోంచి బిళ్ళ తీసుకుని పైకెత్తింది.

"అందరూ చూడండి. ఆఖరి వరస వాళ్ళూ చూడండి. అమ్మా, స్తంభం చాటునుంచి ఇవతలికి రా, చూడు. ఇది మేకుకి వేలాడిన బిళ్ళంట. మేకుకి వేలాడితే మాడుతుందా? నా తమ్ముడి మొలకి ఉండి మాడింది. వాడు లోపలే ఉన్నాడు. మీటరు ముందు నిలబడి ఉన్నాడు."

మాస్టారు లేచారు. "అమ్మా, ఇది నాటకం..."

"అర్థాలు మీరు చూసుకుంటానన్నారుగా మాస్టారూ. కూచుని చూసుకోండి."

ఎవరో నవ్వారు. మరెవరో లేచి నిలబడ్డారు. బాయిలరు గది వాళ్ళు ఒక్కొక్కరే లేచారు, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వరసగా వచ్చింది. మేనేజరు తలుపు వైపు చూశాడు. దారి మధ్యలో అమ్మ నిలబడి ఉంది. పక్కకి జరగలేదు.

అక్క టైమ్ కీపరు వైపు తిరిగింది. అతను కళ్ళు దించుకున్నాడు. ఆమెకి జాలి వేయలేదు. వేస్తుందేమోనని చూసుకుంది, వేయలేదు.

"గేటు దగ్గరికి పోయి రిజిస్టరు పట్టుకురా. ఇక్కడికే, ఈ బల్ల మీదికే. ఆ రోజు పేజీ తీయి. రెండు వందల పద్నాలుగు, లోపల ఉన్నాడు, పనిలో పోయాడు అని నీ చేత్తో రాయి. వాడు పెట్టిన అర్జీ తేదీ కూడా రాయి. కింద మేనేజరు గారు సంతకం పెట్టాలి, అందరూ చూస్తుండగా." తరవాత హాలు వైపు తిరిగింది. "మీ అందరి మొలనా బిళ్ళలున్నాయి. అది రాసేదాకా ఒక్కడూ తన బిళ్ళ మేకుకి తగిలించొద్దు. రేపు రాయకపోతే రేపూ తగిలించొద్దు. ఖాళీ మేకులతో వాళ్ళు రిజిస్టరు ఎలా మూస్తారో మూసుకోనివ్వండి. తీయండి, బిళ్ళలు చేతిలోకి తీయండి. ఇప్పుడే."